మూడు భాషల్లో ఒక సాక్ష్యం

మొన్న కళింగపట్నం ఒడ్డున చేపలు బేరమాడుతుండగా నెత్తిమీదుగా హెలికాప్టరొకటి పోయింది. అందరూ ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ బేరంలో పడ్డారు గానీ, నేను మాత్రం అది కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడిపోయాను. నాలాగా పడుచుతనంలో ఓడలెక్కిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఎందుకో వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో నేనొక సరుకు ఓడలో ఇంజన్ గది పనివాణ్ణి. యజమానిది ఒక దేశం, పైన ఎగిరే జెండా మరో దేశానిది, కెప్టెనుది ఇంకో దేశం, మిగతా వాళ్ళది తలో దిక్కు. నాతో తెలుగు మాట్లాడేందుకు మా పక్క ఊరి బావ ఒక్కడే ఉండేవాడు. ఇద్దరం చేపల వేటకెళ్ళే కుటుంబాల్లో పుట్టినవాళ్ళమే గనక సముద్రమంటే బెదురు లేదు. ఆఫ్రికా తీరానికి దూరంగా పోతుండగా ఒక మధ్యాహ్నం దొంగలు చిన్న పడవల్లో వచ్చి, నిచ్చెనలు తగిలించి ఓడెక్కేదాకా భయమంటే ఏమిటో నాకు తెలియదనే చెప్పాలి.

అటువంటప్పుడు అందరం ఇంజన్ గదిలోకి దిగి ఇనుప తలుపు బిగించుకోవాలని మాకు ముందే నేర్పారు. పరిగెడుతుంటే వెనక తుపాకీ పేలింది, బావ కాలు పట్టుకుని కూలబడ్డాడు. అతన్ని లోపలికి ఈడ్చుకుంటూ వెనక్కి చూశాను. కాల్చినవాడు నా ఈడువాడే, ఆ ముఖం నా కళ్ళలో నిలిచిపోయింది. లోపల ఆ ఉక్కపోతలో, కాలికి కట్టిన గుడ్డ తడిసిపోతుంటే, బావ నా చెవిలో అన్నాడు.

“ఒరే, మనకోసం ఎవులొస్తార్రా? మనం ఏ దేశపోళ్ళమని సెప్పుకుంటాం ఇక్కడ?”

నేను తడిసిన గుడ్డ విప్పి, నా చొక్కా చించి మళ్ళీ బిగించి కట్టాను.

కానీ వచ్చారు. మరునాడు హెలికాప్టర్ చప్పుడు, తర్వాత కాల్పులు, ఆ తర్వాత తలుపు కొడుతూ మా కెప్టెన్ని పేరు పెట్టి పిలిచిన గొంతు. మా కెప్టెన్ రేడియోలో పంపిన ఆపద పిలుపు విన్నది ఒక దేశమట, విమానంతో వెతికి మా జాడ చెప్పింది మరో దేశమట, దొంగలను పట్టుకున్న యుద్ధనౌక ఇంకో దేశానిదట. ఆ నౌకలో ఒక డాక్టరమ్మ బావ కాలు కడుగుతుంటే, ఈవిడకి మా జిల్లా పేరు పలకడమైనా రాదే అనుకుంటూ నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

అంతకన్నా పెద్ద ఆశ్చర్యం తర్వాత ఎదురైంది. ఆ దొంగల విచారణ హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న ద్వీపదేశంలో జరుగుతుందనీ, వచ్చి సాక్ష్యం చెప్పమనీ నాకు కబురొచ్చింది. నా తెలుగును ఇంగ్లీషులో చెప్పడానికి అక్కడి బడిపంతులమ్మను పెట్టారు. ఎప్పుడో చెరకు తోటల పనికి మన వైపు నుంచి పోయిన వాళ్ళ మునిమనవరాలట. నా మాట ఆవిడ ఇంగ్లీషులోకి మార్చేది, దాన్ని ఇంకొకాయన ముద్దాయి భాషలోకి మార్చేవాడు, అర్థమైందని ముద్దాయి తలూపేదాకా జడ్జిగారు ముందుకు కదిలేవారు కాదు. మమ్మల్ని చంపబోయినవాడి కోసం కూడా అంత ఓపికా అని విస్తుపోయాను. బోనులో అతని అరచేతుల నిండా తాడు కోసిన గాట్లు. వల లాగిన మా నాన్న చేతులకీ అవే ఉండేవి. అయినా, కాల్చిందెవరని అడిగినప్పుడు వేలు చూపించి, “ఈడేనండి” అన్నాను.

అప్పుడతను ఏదో అడిగాడు. ఆ మాట రెండు భాషలు దాటి నా దాకా వచ్చింది: దెబ్బ తగిలిన ఆ మనిషి నడవగలుగుతున్నాడా అని. జడ్జిగారు చెప్పమన్నారు.

“నడుస్తన్నాడండి. గానీ సంద్రం మీదికి మరి ఎల్లనేడు.”

పంతులమ్మ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. తన భాషలో అది విన్నాక అతను తల దించుకున్నాడు. అతనికి జైలుశిక్ష పడిందని తర్వాత తెలిసింది.

బావ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు మా వైపు కుర్రాళ్ళు నడిసముద్రం నుంచి కూడా ఫోనులో ఇంటివాళ్ళకు ముఖం చూపిస్తున్నారు, సంతోషమే. కానీ టీకొట్టు దగ్గర ఏ దేశం ఊసెత్తినా, వాళ్ళతో మనకేం పని అనే మాటే వినిపిస్తోంది. నేను లేచి వచ్చేస్తాను. ముక్కూ మొహం తెలియని గుప్పెడుమంది కోసం అన్ని దేశాలు ఒక్కటై కదిలాయని చెబితే, ముసలాడు ఓడకథలు అల్లుతున్నాడని నవ్వుతారేమోనని.