బక్కమ్మ బోర్లించిన గురుగులు

బక్కమ్మ పెద్దమ్మకు నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. బాన్సువాడలో ఆమె నోటికి జడవని వాళ్లు లేరు, ఆమె చేతి కూడు తినని వాళ్లూ లేరు. బీడీలు చుట్టి బతికే మనిషి. మొగుడు నిజాంసాగర్ కట్ట పనికి పోయి జ్వరంతో చచ్చిపోయాడు. పిల్లలు లేరు. మిగిలిందల్లా దవాఖాన ఎదురుగా ఒక పెంకుటిల్లు, దాని ముందు వసారా.

కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో మా వైపు వరితోపాటు చలిజ్వరం కూడా బాగా పండింది. తండాల నుంచి, బీర్కూరు వైపు ఊళ్ల నుంచి రోగులు తెల్లారేసరికే వచ్చి దవాఖాన ముందు కూర్చునేవాళ్లు. అక్కడ పోసే చేదు మందు ఖాళీ కడుపులో నిలిచేది కాదు. తాగినవాళ్లు తాగినట్టే వాకిట్లో కక్కుకునేవాళ్లు. బక్కమ్మ కొన్నాళ్లు చూసింది, తిట్టింది, చివరికి పొయ్యి మీద పెద్ద కుండ ఎక్కించింది.

"ముందుగాల గింత అంబలి తాగున్రి. గా మందు తర్వాత తాగొచ్చు" అని అందర్నీ వసారాలో కూర్చోబెట్టింది. అప్పటి నుంచి ఆ ఇంటికి అంబలిల్లు అని పేరు పడింది.

బీడీల కూలితో అంతమందికి అంబలి కాయడం అయ్యే పనేనా? ఆమె ఏ దొర గడపా తొక్కలేదు. కుమ్మరిని బతిమాలి చిన్న మట్టి ముంతల్లాంటి గురుగులు చేయించి, ఇంటికొకటి ఇచ్చి, బియ్యం కుండ పక్కన పెట్టించింది. పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు గురిగిలో వెయ్యాలి. వారం అంగడి రోజు ఆమె వచ్చి ఒంపుకుని పోతుంది. బియ్యం లేని ఇంటివాళ్లు కట్టెలు ఇచ్చేవాళ్లు. కిరాణా దుకాణం వాళ్లు ఉప్పు ఇచ్చేవాళ్లు. తండా వాళ్లు జొన్నలు పంపేవాళ్లు. ఒక ఇంట్లో తప్పితే ఇంకో ఇల్లు ఉండేది, వరి పోయిన ఏడు జొన్న ఉండేది.

"ఇచ్చినోళ్లకు ఇచ్చినట్టు తెల్వొద్దు. గట్లయితేనే నడుస్తది" అనేది బక్కమ్మ. ఆ మాట అన్నది ఆమే, మరిచిందీ ఆమే. నా కోపమంతా అక్కడే.

తండా జొన్నలు తెచ్చేది రూప్లి. ఒకప్పుడు జ్వరంతో కాలిపోతున్న కూతుర్ని భుజాన వేసుకుని వచ్చింది. ఆ పిల్ల ఈ వసారాలోనే అంబలి తాగి, మందు తాగి, లేచి నడిచిపోయింది. రూప్లి వెనక్కి పోతూ గంపెడు గురుగులు అడిగి తీసుకుపోయి తండాలో ఇంటింటికీ పంచింది. అది మొదలు ప్రతి అంగడికీ నెత్తిన జొన్నల మూటతో వచ్చేది.

ఇలా సాగుతుండగా కనకరత్నం గారు వచ్చారు. కృష్ణా వైపు నుంచి వచ్చి కాలువ కింద భూమి కొని, ఆపైన బియ్యం మిల్లు పెట్టిన ఆయన. మంచివాడే, ఆ మాట ఎక్కడైనా చెప్తాను. తన పాలేరు అంబలింటి పుణ్యాన బతికాడని వచ్చి చేతులు జోడించాడు.

"ఇంటింటికీ తిరిగే కష్టం నీకెందుకమ్మా? కావలసిన బియ్యమంతా మా మిల్లు నుంచి పంపిస్తాను" అన్నాడు.

బక్కమ్మ పొంగిపోయింది. పెద్దాయన పెడుతుంటే పేదోళ్ల పిడికెడు తీసుకోవడం పాపం అనుకుంది. అప్పటికి మోకాళ్లు కూడా పట్టేశాయి, అదీ నిజమే. కానీ చేసిన పని చూడండి. మా వైపు మొక్కు తీరితే, దాని కోసం పెట్టిన గురిగికి పసుపు రాసి బోర్లిస్తారు. ఒకసారి బోర్లించిన దాన్ని మళ్లీ ఆ పనికి ఎత్తరు. ఎత్తితే ఇంటికి మంచిది కాదంటారు. ఈ మహాతల్లి పసుపు గిన్నె పట్టుకుని ఊళ్లో ఇంటింటికీ పోయి, నవ్వుకుంటూ, తన చేత్తోనే గురుగులన్నీ బోర్లించి వచ్చింది.

"ఉండనియ్యక్కా, పిడికెడు మాకేం బరువు?" అంది మా అమ్మ. వింటేగా.

తండా దూరం. అక్కడికి పోలేదు. రూప్లి మూటతో వచ్చినప్పుడు గడపలోనే చెప్పేసింది. "ఇగ జొన్నలు వద్దే రూప్లీ. మిల్లు బియ్యం వస్తున్నయి. మీ పిల్లలకు పెట్టుకోన్రి."

రూప్లి మూట కిందికి దించింది. "మా జొన్నలు మంచిగ లెవ్వా అవ్వా?" అంది. "గట్ల కాదే" అంటూ బక్కమ్మ ఏదో చెప్పబోయింది. రూప్లి మూట నెత్తికెత్తుకుని తిరిగి చూడకుండా పోయింది.

కొన్నేళ్లు తెల్లటి బియ్యపు అంబలి కాగింది. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. నిజాం సర్కారు గల్లా పేరుతో ఇంటింటా ధాన్యం వసూలు చేసి ఊరికి కరువు తెచ్చింది, మిల్లులో ప్రతి బస్తా మీదా కాపలా పెట్టింది. కనకరత్నం గారు తానే నడిచి వచ్చి, "మిల్లులో ఉన్నది నాది కాదమ్మా ఇప్పుడు" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆయన్ని ఏమంటాం?

బక్కమ్మ మళ్లీ ఊరు తిరిగింది. అందరూ పీట వేశారు, మర్యాద చేశారు. "బోర్లిచ్చిన గురిగి ఎట్ల ఎత్తమంటవక్కా?" అన్నారు. కొందరిది భయం, కొందరిది సాకు. రోజూ వేస్తున్న చెయ్యి అయితే కరువులోనూ తెలియకుండా వేసేదేమో. ఆపేసిన చెయ్యి కరువులో కొత్తగా ఎలా మొదలుపెడుతుంది? పిడికెడు తీస్తుంటే పిల్లల కళ్లన్నీ ఆ పిడికిలి మీదే. ఆమె వెళ్లాక మా అమ్మ తలుపు చాటున ఏడ్చింది. మా గురిగి మాత్రం బోర్లించినట్టే ఉంది.

"తండాకు పోయి అడుగక్కా" అంది మా అమ్మ ఇంకోసారి.

"ఏ మొఖం వెట్టుకొని పోవాలె? వద్దన్నది నేనే గద" అంది బక్కమ్మ. అంబలికుండ పొయ్యి దిగింది. దవాఖాన వాకిట్లో మళ్లీ కక్కుకునే చప్పుళ్లు. అవి వినలేక ఆమె పొద్దున తలుపులు వేసుకునేది.

రెండేళ్ల తర్వాత రూప్లి కూతురి బిడ్డను ఎత్తుకుని వచ్చింది. ఆ పిల్లకూ అదే జ్వరం. నేను అప్పుడు ఆ వసారాలోనే బీడీలకు తునికాకు కత్తిరిస్తున్నాను. రూప్లి చల్లారిన పొయ్యి వంక చూసింది.

"అంబలి లేదా అవ్వా?"

"ఏడికెల్లి గాయాలె? గింజలెవరిస్తరు?"

"గదేందవ్వా? మా గురుగులు నువ్వు బోర్లియ్యలే గద. మేమెట్ల ఆపుతం? ఇంటింటికి పిడికెడు ఏస్కుంట పాతర్ల పోసినం. సర్కారోళ్లకు గూడ చూపియ్యలే. అంబలింటియి అని దాసినం. నువ్వొచ్చి అడుగుతవని చూసినం."

బక్కమ్మ లేచి నిలబడింది. "ఉన్నయా?"

"పోయిన ఎండకాలం పురుగు వట్టినయి. గొడ్లకు పోసినం. ఇగ అవ్వ రాదని మా నాయకుడు గురుగులు బోర్లిపిచ్చిండు."

బక్కమ్మ లోపలికి పోయి, తన పూటకని పెట్టుకున్న నూకలు దులిపి, ఆ పసిదానికి అంబలి కాచింది. పిల్ల గుక్కగుక్కగా తాగుతుంటే, "అడుగకపోతిని, ఒక్కపారి పోయి అడుగకపోతిని" అని తన మోకాళ్లను తానే కొట్టుకుంది. ఆ ఇంట్లో కాగిన ఆఖరి అంబలి అదే.