పెద్ద పోలయ్య, చిన్న పోలయ్య

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, రిటైర్మెంటుకు మూడేళ్లుండగా, నన్ను గూడూరు నుంచి నెల్లూరుకు సీనియర్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. కార్యాలయం పేరు అనవసరం. తప్పు దానిది కాదు, నాది. గాలివాన వస్తే వేటకెళ్లిన పడవలు ఒడ్డుకు చేరాయో లేదో కనుక్కోవడం మా పని. పడవల రిజిస్టరు ఒకచోట, మత్స్యకారుల కార్డుల జాబితా ఇంకోచోట, ఫోన్ నంబర్లు మరోచోట ఉండేవి. మూడింటినీ కలిపి ఒకే డేటాబేస్ చేయమని నాకు అప్పగించారు.

అప్పటికి నాకు ఎక్సెల్‌లో కూడికలు తప్ప ఏమీ రావు. కంప్యూటర్ ఆపరేటర్‌ను బతిమాలి, రోజూ ఆఫీసు మొదలయ్యే ముందు గంటసేపు కూర్చునేవాణ్ణి. రోజుకొక క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ఒక ప్రశ్న. తప్పు రాస్తే కంప్యూటర్ ఎర్రక్షరాలతో కసిరేది, మళ్లీ రాసేవాణ్ణి. ఆరునెలలకు చెయ్యి తిరిగింది. కుర్ర ఉద్యోగులు నా దగ్గరికొచ్చి సందేహాలడుగుతుంటే నా మిడిసిపాటు చూడాలి!

జాబితాలు కలిపితే ఒకే మనిషి రెండుసార్లు కనబడతాడు. పేరు, తండ్రి పేరు, ఊరు సరిపోయిన జంటలను ఊరికి పంపి, అక్కడి సహాయకురాలు ఇల్లిల్లూ అడిగి సరేనన్నాకే జాబితాలోని ఆ రెండు వరుసలను ఒకటి చేయాలి. అది పద్ధతి. పేర్ల ముందున్న పెద్ద, చిన్న అన్న మాటలు ఒక జాబితాలో ఉండి ఇంకోదాంట్లో లేక అడ్డొస్తున్నాయని నేను వాటిని తీసేశాను. మైపాడు వైపు మత్స్యకారుల పాళేల్లో అన్నదమ్ములిద్దరికీ తాత పేరే పెట్టి, పెద్ద, చిన్న అని పిలుచుకుంటారు. నాకు తెలియనిది కాదు. తెలిసే చేశాను.

మర్నాడే సమీక్షా సమావేశం. ఆ వైపు ఊరి సహాయకురాలు సుజాత ఇళ్లకు తిరగడానికి రెండు రోజులు కావాలంది. "పెద్ద, చిన్న తీసేయబాకండి సార్. ఈడ దాంతోనే మనిషి తెలిసేది" అని కూడా చెప్పింది. తర్వాత చూద్దాంలే అని జంటలన్నీ కలిపేశాను. జాబితా శుభ్రంగా ఉందని సమావేశంలో మెచ్చుకున్నారు. ఆ మెప్పుతో ఇళ్లకు తిరిగే సంగతే మరిచాను.

ఆ కార్తీకంలో ఒక ఉదయం ఉన్నట్టుండి గాలి లేచింది. జాబితాలోని ప్రతి పడవకూ ఫోన్లు చేయించాం. పెద్ద పోలయ్య, చిన్న పోలయ్య అనే అన్నదమ్ములను నేను ఒకటిగా కలిపిన వరుసలో తమ్ముడి పడవ నంబరు పక్కన అన్న ఫోన్ నంబరు మిగిలి ఉంది. ఫోనెత్తిన పెద్ద పోలయ్య ఇంటి దగ్గరే ఉన్నానన్నాడు. పడవ చేరిందని గుర్తు పెట్టాం. గాలప్పుడు వేరే రేవులో దిగడం మామూలే గనుక తమ్ముడి ఇంట్లోవాళ్లు కూడా మధ్యాహ్నం దాకా ఆగి, అప్పుడు సుజాతకు చెప్పారు. వెతికే బోట్లు బయల్దేరేసరికి సాయంత్రమైంది. తోడు దొరక్క ఒంటరిగా వెళ్లిన చిన్న పోలయ్య శవం మూడోరోజున ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

పెద్ద పోలయ్య ఇంటికి వెళ్లాను. జరిగింది దాచకుండా చెప్పాను.

"పొద్దున ఫోన్ చేస్తే, ఇంటికాడే ఉండానని నా సంగతి చెప్పినాను సార్. మా తమ్ముడి సంగతి మీరు అడగలా. వాడికి వేరేగా చేస్తార్లే అనుకున్నా."

తిట్టినా బాగుండేది. ఉదయమే వెతికి ఉంటే బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేరు. నాకు మాత్రం బతికేవాడనే అనిపిస్తుంది.

కలిపిన జంటలన్నీ విడదీసి ఊళ్లకు పంపాను. చాలాచోట్ల మనుషులు ఒకరు కాదు, ఇద్దరని తేలింది. చిన్న పోలయ్యకు మళ్లీ తన వరుస వచ్చింది. అందులో 'ప్రస్తుత స్థితి' అన్న గడిలో మృతుడు అని నేనే ఎక్కించాను.

క్వెరీ రాయడం ఆరునెలల్లో నేర్చుకున్నాను. ఇంకో రెండు రోజులు కావాలని సమావేశంలో లేచి చెప్పడం కూడా ఆ పనిలో భాగమేనని నేర్చుకోవడానికి ఒక మనిషి పోవలసి వచ్చింది.