కెరమెరి ఘాట్‌లో న్యూట్రల్: పాత హైబ్రిడ్ కారు మీద నేను వేసిన నింద

ఊళ్లు చూడటానికి మొదలుపెట్టిన ప్రయాణం కాదు ఇది. కారు వాపసు ఇచ్చి రావాలని మొదలుపెట్టాను. అంతకు ఆరు వారాల ముందు సుల్తానాబాద్‌లో పాత బండ్లు అమ్మే సమ్మయ్య దగ్గర ఒక హైబ్రిడ్ కారు కొన్నాను. ఆరేండ్ల బండి, డెబ్బై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. పెట్రోలు ఇంజిన్ ఒకటి, బ్యాటరీతో నడిచే మోటారు ఒకటి, రెండూ పని పంచుకుంటాయి. బయట చార్జింగ్ పెట్టే పని లేదు. చర్చి కూడికల్లో బైబిలు వాక్యం చెప్పడానికి ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ దాకా నెలకు మూడు నాలుగు సార్లు తిరిగే మనిషిని. ఇరవై ఎనిమిదేండ్లు నడిపిన డీజిల్ జీపును అమ్మి మరీ దీన్ని తీసుకున్నాను. కరీంనగర్ బజార్లలో సమ్మయ్య నడిపి చూపించినప్పుడు లీటరుకు ఇరవై ఒకటి వచ్చింది. నా చేతికి వచ్చాక పద్నాలుగు దాటలేదు.

నా సంగతి తెలిసినవాళ్లకు తెలుసు, నేను లోపల ఒకటి పెట్టుకొని ఊరుకునేవాణ్ని కాదు. కారు కొన్న నాలుగో వారం సుల్తానాబాద్ కూడికలో మైకు పట్టుకొని దొంగ తూకం గురించి చెప్పాను. దేవుడు దాన్ని ఎంత అసహ్యించుకుంటాడో గ్రంథం తెరిచి చూపిస్తూ, రెండో వరుసలో కూర్చున్న సమ్మయ్య వైపు వేలు చాపాను. పేరు కూడా పెట్టాను. మళ్లీ వచ్చేటప్పుడు రుజువుతో వస్తానన్నాను. అతను తల దించుకొని బయటకు వెళ్లిపోయాడు. ఆ వారంలోనే ఇద్దరు అతని దగ్గర మాట్లాడుకున్న బండ్లు వద్దనుకున్నారని తెలిసింది. అబద్ధం ఎందుకు, ఆ మాట విని సంతోషపడ్డాను.

రుజువు కోసం ఆదిలాబాద్‌లో ట్యాంకు నిండా పోయించి, మీటరును సున్నా చేసి, శనివారం పొద్దున ఆరున్నరకు బయలుదేరాను. నిర్మల్ మీదుగా పెద్ద రోడ్డుంది గానీ నేను గుడిహత్నూర్, ఇంద్రవెల్లి, ఉట్నూరు, ఆసిఫాబాద్ దారి పట్టాను. సుల్తానాబాద్‌కు రెండు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు. టోల్ తక్కువ, అడవి ఎక్కువ. వర్షాకాలం తర్వాత వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి దారి చెప్పలేను, మలుపుల దగ్గర పశువులుంటాయి, చూసుకోండి. ఎనిమిదింటికి ఉట్నూరులో చాయ్ దగ్గర ఆగాను. చాయ్ పదిహేను, ఉప్మా ముప్పై. అక్కడ విఠల్ అనే డ్రైవరు నా బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఆసిఫాబాద్ దాకా ఎక్కించుకుంటావా అని అడిగాడు. ఆదిలాబాద్‌లో ఒక డాక్టరు గారికి ఇదే రకం కారు నాలుగేండ్లుగా నడుపుతున్నాడట. ఎక్కమన్నాను. దారి పొడవునా సమ్మయ్య మోసం గురించి అతనికి చెప్తూనే ఉన్నాను. జైనూరు దాటేసరికి మీటరు పదమూడు పాయింట్ ఆరు చూపిస్తోంది. వేలితో తట్టి చూపించాను కూడా.

తొమ్మిదింటికి కెరమెరి ఘాట్ దిగుడు మొదలైంది. అడుగు ఎక్కడుందో కనబడని లోయ, ఆకుపచ్చ కొండలు, మలుపు మీద మలుపు. జీపు రోజుల నుంచి నా పద్ధతి ఒకటే. దిగుడు రాగానే న్యూట్రల్ చేసి వదిలేయడం. మా బొగ్గు బావుల వైపు పాత డ్రైవర్లందరం అట్లనే నేర్చుకున్నాం. సిగ్నల్ దగ్గర ఆగినా న్యూట్రలే. ఆ రోజూ చెయ్యి తనంతట తానే గేరు మీదికి పోయింది.

"కాకా, గేర్ ఎందుకు తీసినవ్?" అన్నాడు విఠల్.

"దిగుడు కదా. పెట్రోల్ ఎందుకు దండగ?"

"ఎన్ని దినాల సంది గిట్ల?"

"కొన్నప్పటి సంది."

విఠల్ తల పట్టుకొని నవ్వాడు. "ఆరు వారాలు బ్యాటరీని ఉపవాసం పెట్టినవ్ కాకా. పాపం అదేం తప్పు చేసిందని? డి ల పెట్టు. కాలు తియ్యి. బ్రేక్ జర జర తొక్కు. ఇగ బొమ్మ చూడు."

డి లో, అంటే బండి ముందుకు నడిచే గేరులో పెట్టాను. అద్దం కింది తెర మీద చక్రాల నుంచి బ్యాటరీ వైపు ఆకుపచ్చ బాణం పాకింది. ఇంజిన్ తనంతట తానే ఆగిపోయి ఉంది. దిగుతున్న బరువే మోటారును తిప్పి కరెంటు పుట్టిస్తోంది. రెండు గీతలున్న బ్యాటరీ ఘాట్ కిందికి వచ్చేసరికి ఆరు గీతలైంది. న్యూట్రల్‌లో పెడితే ఆ దారి మూసుకుపోతుందని విఠల్ చెప్పాడు. సిగ్నల్ దగ్గర కూడా ఏసీ బ్యాటరీని తాగేస్తుంది, న్యూట్రల్‌లో ఇంజిన్ దాన్ని నింపలేదు, తర్వాత ఆ లోటంతా పెట్రోలు పోసి పూడ్చుకోవాలి. గ్రంథంలో విధవరాలి ఇంట్లో పాత్రలు పెట్టినంతసేపూ నూనె ఆగకుండా పారిన సంగతి నేను ఎన్ని ఊళ్లలో చెప్పలేదు! ఇక్కడ నూనె పారుతుంటే పాత్ర బోర్లించి కూర్చున్నది నేనే. బండి పక్కకు ఆపాను.

ఆపింది మైలేజీ కోసం కాదు. అప్పుడే ఒక మాట గుర్తొచ్చింది. తాళం చేతికిచ్చిన రోజు సమ్మయ్య కిటికీ దగ్గర వంగి, ఎప్పుడూ డి లోనే ఉంచమన్నాడు. నువ్వు పుట్టకముందు నుంచి బండి తోలుతున్నా, నాకు చెప్తవా అని నేను అద్దం ఎక్కించేశాను.

ఆసిఫాబాద్‌లో దిగే ముందు విఠల్ ముందు అర తెరిచి కంపెనీ పుస్తకం తీశాడు. దాని మీద నా గ్రంథం ఉంది. న్యూట్రల్ గురించిన హెచ్చరిక చుట్టూ గీత గీసి మరీ అచ్చు వేశారు. గ్రంథాన్ని రోజుకు మూడు పూటలా చదివే మనిషిని, ఆ పుస్తకాన్ని ఒక్కసారీ తెరవలేదు. చాయ్ పైసలు ఇవ్వబోతే విఠల్ తీసుకోలేదు. ఆ సమ్మయ్యకు ఏం చెప్తావని మాత్రం అడిగి వెళ్లిపోయాడు.

మీటరు మళ్లీ సున్నా చేశాను. మంచిర్యాల దాకా డెబ్బై చిల్లర కిలోమీటర్లు, అదే బండి, అదే నేను. పంతొమ్మిది పాయింట్ నాలుగు వచ్చింది. మీలో సగం మంది వినే ఉంటారు, ఈ బండ్లు పెద్ద రోడ్డు మీదికంటే ఊరి ట్రాఫిక్‌లో ఎక్కువ ఇస్తాయి. మంచిర్యాల బజారులో ఆగుతూ పోతుంటే అంకె ఇంకా పెరిగింది. అది పెరిగిన కొద్దీ నేను తెస్తానన్న రుజువు నా మీదికే తిరిగింది. పన్నెండింటికి నూట ఇరవై రూపాయల భోజనం ముందు పెట్టుకొని సగం వదిలేశాను. గోదావరి దాటి, పెద్దపల్లి మీదుగా రెండున్నరకు సుల్తానాబాద్ చేరాను.

సమ్మయ్య షెడ్డులో రెండు బండ్లే ఉన్నాయి. అతను నన్ను చూసి లేవలేదు. "తాళం గా బల్ల మీద పెట్టు అన్నా. బండి వాపస్ తీస్కుంటా. కాయితాలు సోమారం రాసుకుందాం" అన్నాడు. అతనికి వాదించే ఓపిక కూడా నేను మిగల్చలేదు. నిలబడే మొత్తం చెప్పాను. ఘాట్, న్యూట్రల్, విఠల్, బాణం. సమ్మయ్య చేతిలో ఉన్న పాత స్టీరింగును గుడ్డతో తుడుస్తూనే విన్నాడు.

"నేను చెప్పిన గద."

"చెప్పినవ్. సాయంత్రం కూడికల అందరి ముందు తప్పు ఒప్పుకుంటా."

"ఒప్పుకుంటవ్. కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటవ్. అయ్యగారిది ఎంత పెద్ద మనసో అని మంది నిన్నే మెచ్చుకుంటరు. నాకేమొస్తది అన్నా?"

ముప్పై ఏండ్ల నుంచి మైకు పట్టుకుంటున్నాను. మొదటిసారి ఎదుటివాణ్నే ఏం చేయమంటావని అడిగాను.

"గ్రంథం తియ్యకు. న్యూట్రల్ సంగతి ఒక్కటే చెప్పు. నవ్వనియ్ మందిని."

ఆరు గంటలకు అట్లనే చెప్పాను. చేత్తో గేరు ఎట్లా తీసేవాణ్నో కూడా చూపించాను. భక్తిలో అటు చల్లగానూ ఇటు వేడిగానూ లేనివాళ్లను చీల్చి చెండాడే నోటితో, నేనే న్యూట్రల్‌లో ఉన్నానని చెప్పుకున్నాను. మొదట వెనుక వరుసల్లోని కుర్రవాళ్లు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. మరమగ్గాల దగ్గర పనిచేసే ఒక ముసలామె మాత్రం నవ్వలేదు. "గంతేనా అయ్యా? గీ ముచ్చటకేనా గా పోరన్ని ఆగం జేసినవ్?" అంది. నవ్వులు ఆగిపోయాయి. నేను అవునన్నాను. సమ్మయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఈసారి వెళ్లిపోలేదు.

కారు నా దగ్గరే ఉంది. ఇప్పుడు సగటున ఇరవైకి అటూ ఇటూ ఇస్తోంది. కానీ నన్ను ఇంకా నిద్రపోనివ్వనిది ఆ అంకె కాదు. తప్పుడు మాటను అంత బలంగా, అంత నమ్మకంగా, గ్రంథం చేతిలో పెట్టుకొని చెప్పగలిగానే, అది. నిజం చెప్పేటప్పుడూ నా గొంతు అట్లనే ఉంటుంది. రెండింటికీ తేడా నా చెవికి తెలియలేదు.

మొన్న ఒకాయన ఫోన్ చేశాడు. "న్యూట్రల్ అయ్యగారేనా మాట్లాడేది?" అన్నాడు. సుల్తానాబాద్‌లో నన్ను ఇప్పుడు అట్లనే పిలుస్తున్నారట. సమ్మయ్య దగ్గర ఒక హైబ్రిడ్ చూశాడు, తీసుకోవచ్చా అని అడిగాడు. అవును నేనే, తీసుకో అన్నాను. అతనికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. దిగుడులోనూ సిగ్నల్ దగ్గరా డి లోనే ఉంచి బ్రేకు మీద కాలు పెట్టండి, నిటారు ఘాట్‌లో, ఇంజిన్‌తోనే వేగం తగ్గించే బి గేరుంటే వాడండి, న్యూట్రల్ ముట్టకండి. తాళం ఇచ్చేటప్పుడు అమ్మేవాడు ఏమైనా చెప్పబోతే, అద్దం దించి ఉంచండి.