రిబ్బన్ కత్తిరించని కుర్చీ

నన్ను నేనే నీళ్లలో ముంచుకున్న వైనం చెబుతాను. తప్పంతా నాదే కాబట్టి, నవ్వడానికి మొహమాటపడకండి.

నాలుగేళ్ల కిందట జగిత్యాలలో ఒక స్విమ్మింగ్ పూల్ గేటు దగ్గర టికెట్లు ఇచ్చేవాణ్ని. నడవలేనివాళ్లను నీళ్లలోకి దించడానికి ఒడ్డున కొత్తగా ఓ కుర్చీ లిఫ్టు బిగించారు. రిమోట్ నొక్కితే కుర్చీ మెల్లగా దిగుతుంది, మళ్లీ పైకి వస్తుంది. కొత్త వస్తువు కదా! ప్లాస్టిక్ కవర్ తీయనివ్వలేదు. నిమ్మకాయలు కట్టి, గొలుసు చుట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. మా ఆఫీసు పెద్దసారు వచ్చి రిబ్బన్ కత్తిరించేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అలా అని నాకెవరూ చెప్పలేదు, నాకే తోచింది.

ఒక మధ్యాహ్నం, చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద పద్మ వచ్చింది. సిరిసిల్లలో మగ్గాలకు నూలు కండెలు చుట్టే మనిషి. దివ్యాంగుల ఈతపోటీల సెలక్షన్ల కోసం జగిత్యాలలో అక్క ఇంట్లో దిగిందట.

"ఆదివారమే సెలక్షన్లు సార్. ప్రాక్టీసు చెయ్యాలె. గా లిఫ్టుల దింపుండ్రి."

నాకు ఆ రోజుల్లో అందరూ దొంగల్లాగే కనిపించేవారు. కోరుట్లలో మా అత్తగారు చాయ్ ఇచ్చినా, ముందు ఆమెనే తాగమనేవాణ్ని.

"నడవనోళ్లు ఈదుడేంది?" అన్నాను.

"నీళ్లల్ల నడుసుడెందుకు సార్? చిన్నప్పుడు మా నాయిన నడుముకు డబ్బా కట్టి బాయిల ఈత నేర్పిండు."

"సదరం సర్టిఫికెట్ ఉన్నదా?"

వైకల్యం ఎంత శాతమో రాసిన ఆ కాగితం చూపించింది. కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూశాను.

"ఒరిజినలేనా? గీ రోజుల్ల అందరు దొంగయి జేపిస్తున్నరు."

ఆమె మొహం చిన్నబోయింది. "ఇంతకు గది నడుస్తదా? ఉత్తగ చూపెట్టనీకి పెట్టిండ్రా?"

నాకు ఒళ్లు మండింది. "నడవకపోవుడేంది! సూడు!"

గొలుసు తీసి, ప్లాస్టిక్ మీదే కూర్చుని, బెల్టు బిగించి రిమోట్ నొక్కాను. కుర్చీ దిగింది. నీళ్లు ఛాతీకి తగిలేసరికి జిల్లుమని, రిమోట్ చేయి జారింది. అది నాకు అందకుండా ఒడ్డున వైరుకు వేలాడుతోంది, కుర్చీ ఆగిపోయింది. బెల్టు ఎంత లాగినా ఊడదు. ఊడినా లాభం లేదు, నాకు ఈత రాదు. (పూల్‌లో ఉద్యోగం చేస్తూ ఈత రాదా అనకండి. ఉద్యోగం ఇచ్చినవాళ్లే అడగలేదు.)

"చెల్లె! గా రిమోట్ నొక్కు! సచ్చిపోతున్న!"

పద్మ బండి తిప్పుకుంటూ తాపీగా వచ్చి రిమోట్ అందుకుంది.

"గీ కుర్చీ ఎవలకు సార్?"

"దివ్యాంగులకు!"

"మరి మీకు సర్టిఫికెట్ ఉన్నదా?"

"లేదు తల్లీ!"

"ఉన్నా నమ్ముడెట్ల సార్? గీ రోజుల్ల అందరు దొంగయి జేపిస్తున్నరు."

అప్పుడు నొక్కింది. పైకి రాగానే ఎలాగో బెల్టు ఊడదీసుకుని, ప్లాస్టిక్ చింపేసి, నేనే ఆమెను కూర్చోబెట్టి దింపాను. రెండు చేతులతోనే అవతలి ఒడ్డుదాకా ఈది తిరిగొచ్చింది. తడిబట్టలతో నిలబడి సిగ్గుతో చచ్చాను. ఆదివారం ఆమె సెలెక్టయింది. పెద్దసారు మాత్రం ఇప్పటికీ రాలేదు.

అందుకే ఆ నిమ్మకాయల మీద ఒట్టేసి చెబుతున్నాను: కొత్త వస్తువుకు తాళం వేయను. ఎవరి కాళ్లనూ అనుమానించను. ఎవరినీ సర్టిఫికెట్ అడగను, ఏ రోజు ఎవరి చేతిలో రిమోట్ ఉంటుందో తెలియదు. అత్తగారి చాయ్ సంగతి మాత్రం ఈ ఒట్టులోకి రాదు.