మనిషి లేని జాగాకు వేసిన పాస్

మా చిన్నప్పుడు తొర్రూరులో మా బడి వెనక మట్టి బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది... వాన పడితే సున్నం గీతలు కొట్టుకుపోయేవి. తెల్లారి ఆడపిల్లలమే మళ్లీ ముగ్గు వేసినట్టు గీసుకునేవాళ్లం!

నేను గాలిలా ఉరికేదాన్ని. తండా నుంచి వచ్చే నా దోస్తు సరోజ రింగు దగ్గర నిలబడితే గురి తప్పేది కాదు. కానీ బంతి ఆమెకు అందితే కదా... నేను ఉరుకుతూ ఎంత సూటిగా వేసినా ఆమెను దాటిపోయి గీత అవతల పడేది.

"నేనీడుంటే యాడికి ఏస్తున్నవే?" అని సరోజ మొత్తుకునేది.

మహబూబాబాద్ అమ్మాయిలతో ఫైనల్ రేపనగా కూడా అంతే. నన్ను జట్టులోంచి తీసేస్తారని ఏడుపొచ్చింది. అది చూసి మా ఫిజిక్స్ మేడం దగ్గరికొచ్చారు.

"బస్సు ఆగకముందే దిగితే ఏమైతది?"

"ముందలికి వడ్తం మేడం."

"ఎందుకు? బస్సు ఉరుకుడు నీ ఒంట్ల ఉంటది గనుక. గట్లనే నీ ఉరుకుడు బంతిల ఉంటది. నువ్వు పక్కకు ఏసినా అది ముందలికి గూడ పోతది. సరోజ మీదికి ఎయ్యకు... జర ఇవుతలికి ఎయ్యి."

"ఎవ్వలు లేని జాగలకా?" సరోజ పకపకా నవ్వింది.

పొద్దుగూకే దాకా వేస్తూనే ఉన్నాం. చివరికి ఒక బంతి ఏటవాలుగా వెళ్లి సరిగ్గా సరోజ చేతుల్లో వాలింది. ఇద్దరం ఎగిరి గంతేశాం!

ఫైనల్... ఆఖరి నిమిషం... మేము ఒక్క పాయింటు వెనక. బంతి చిక్కగానే ఉరికాను. ఇద్దరు నాకు అడ్డం వచ్చారు. రింగు దగ్గర సరోజ ఒక్కతే ఉంది. చెయ్యి ఆమె వైపే లాగుతోంది... గుండె దిటవు చేసుకుని ఆమెకు ఇవతల, ఖాళీ జాగాకు విసిరాను.

"అయ్యో, గట్ల ఏసినవేందే!" మా జట్టులోనే ఎవరో అరిచారు.

ఆ అరుపు ఆగకముందే బంతి సరోజ చేతుల్లో ఉంది. మరుక్షణం రింగులో!

గెలిచాం!... సరోజ నన్ను ఎత్తుకుని తండా మాటలో ఏదో కేకలు పెట్టింది. అందులో నాకు తెలిసింది నా పేరొక్కటే. మేడం చెప్పులు వదిలేసి మాతోపాటు గంతులేశారు.

మొన్న ఆ బడికి వెళ్లాను. కోర్టు లేదు... అక్కడ కొత్త తరగతి గదులు కట్టారు. లోపల పిల్లలు మేడం బస్సుతో చెప్పిన అదే జడత్వం పాఠం రాసుకుంటున్నారు... చేతులకు మట్టి అంటకుండా.

ఆటలో మీకు ఒంటబట్టిన పాఠం ఏదైనా ఉంటే కింద రాయండి... నర్సింహులపేటలో ఉన్న సరోజకు ఫోన్‌లో చదివి వినిపిస్తాను.