కంపు బండిలో ఆవకాయ జాడీ

క్యాంపర్ వ్యాన్ అన్న మాట వింటే ఇప్పటికీ నా చేయి ముక్కు మీదకు పోతుంది. పడుకోవడానికి మంచాలు, వండుకోవడానికి పొయ్యి, మూలన బాత్రూమ్, అన్నీ బండిలోనే ఉంటాయని మా ఆయన ఫోన్‌లో ఫొటోలు చూపించి మురిసిపోయారు. అప్పుడు రోహిణి కార్తె. బెజవాడలో రోళ్లు పగిలే ఎండ. మారేడుమిల్లి కొండల్లో చల్లగా ఉంటుందట. కొండెక్కితే సూర్యుడు మన మొహం చూసి తగ్గుతాడా అని అడిగాను. "నీకు ఏదీ నచ్చదే" అన్నారు. నిజమే, నచ్చదు.

బయలుదేరే ముందురోజు అత్తయ్యగారు ఆవకాయ కలిపారు. కాయ అప్పుడే దొరికింది, మనకోసం ఆగదు కదా. కలిపిన ఆవకాయను మూడో రోజు తిరగకలపాలి. అప్పుడే ఉప్పు చూడాలి, తగ్గితే వేయాలి, పైన మళ్లీ నూనె పోయాలి. మా ఇంటికీ, ఇద్దరు ఆడపడుచుల ఇళ్లకీ ఏడాది పొడుగునా ఆ ఒక్క జాడీయే. తిరగకలిపే పని ఆవిడ ఇంకొకరికి వదలరు. అందుకని మూతికి గుడ్డతో వాసెన కట్టిన జాడీ, పప్పునూనె సీసా, ఉప్పు పొట్లం మాతోపాటు వ్యాన్ ఎక్కాయి.

అత్తయ్యగారు దేన్నీ నోట్లో వేసుకుని రుచి చూడరు. దేవుడికి పెట్టకముందే ఎంగిలి చేయకూడదని పుట్టింట్లో పడ్డ అలవాటు. గిన్నె మీదకు వంగి వాసన చూసి ఉప్పు చెబుతారు. పప్పైనా పులుసైనా తప్పు చెప్పగా నేను వినలేదు. "నా చేతి ఆవకాయకి బూజు పట్టిన రోజున గరిట నీ చేతికిచ్చేసి మూల కూర్చుంటానమ్మాయ్" అనేవారు. పైకి బెదిరింపులా ఉన్నా ఆవిడ భయమంతా అందులోనే ఉందని నాకు తెలుసు.

ఘాట్ రోడ్డు మొదలవగానే ఏసీ చల్లారింది. అంటే, చల్లదనం ఆగింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ వేస్తే ఇంజను వేడెక్కుతుందని మా ఆయన ఆపేశారు. బండి లోపల ఇడ్లీ పాత్ర మూత పెట్టినట్టు ఉక్క. మొదటి మలుపులోనే బాత్రూమ్ వైపు నుంచి ఏదో కదిలిన చప్పుడు, వెంటనే కంపు. మాకంటే ముందు బండి తీసుకున్న మహానుభావుల సరుకు బాత్రూమ్ అడుగు తొట్టిలో అలాగే ఉంది. ఖాళీ చేసి ఇచ్చామని అద్దెవాళ్లు చెబితే మా ఆయన నమ్మారు, మూత తీసి చూడలేదు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల మలాన్ని డబ్బులిచ్చి కొండెక్కిస్తున్నామన్నమాట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

"అమ్మా, కంపు!" అని మా అమ్మాయి ముక్కు మూసుకుంది. తర్వాత మలుపులో తిన్న పెరుగన్నమంతా నా ఒళ్లో కక్కింది. ఎండకు అదీ పులిసింది. కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే కంపు. నా చీర, నా చేతులు, నా జుట్టు, అన్నిటి మీదా అసహ్యం వేసింది. "కాసేపుంటే అలవాటైపోతుందిలే" అన్నారు మా ఆయన, స్టీరింగ్ దగ్గర, కిటికీ పక్కన కూర్చుని. ఆ మాటకు నాకు ఆయన మీద కూడా అసహ్యం వేసింది.

అత్తయ్యగారు మాత్రం సరిగ్గా బాత్రూమ్ తలుపుకి ఆనుకుని, జాడీని రెండు పాదాల మధ్య బిగించి, జంతికలు నములుతున్నారు. హాయిగా. "నువ్వూ రెండు తినమ్మాయ్, నీరసం తగ్గుద్ది" అని నా మొహం ముందు డబ్బా పెట్టారు. నేను డబ్బా తోసేశాను. ఇంత కంపులో ఈవిడకి నోరెలా ఆడుతోందని ఒళ్లు మండింది. కొడుకు తెచ్చిన బండి గనుక కంపు కొట్టినా కొట్టనట్టే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

ఆవకాయ కలిపిన మూడో రోజు పొద్దున వాగు ఒడ్డున బండి ఆపాం. మా ఆయన పాపను నీళ్ల దగ్గరకు తీసుకెళ్లారు. అత్తయ్యగారు బండి మెట్టు మీద కూర్చుని, చేతులు పొడిగా తుడుచుకుని వాసెన విప్పారు. అడుగు నుంచి కలిపారు. జాడీ మీదకు వంగారు. ఎప్పుడూ ఒక్క క్షణం పట్టే పని. ఈసారి లేవలేదు. మళ్లీ కలిపారు, మళ్లీ వంగారు. తర్వాత తల ఎత్తకుండానే అన్నారు:

"అమ్మాయ్, ఓ ముక్క నోట్లో వేసుకుని ఉప్పు చెప్పు."

"ఎంగిలి కదండీ, అత్తయ్యగారూ?"

"పర్లేదులే. చెప్పు." జాడీ అంచు తుడుస్తూ అడిగారు: "బండిలో నిజంగానే కంపు కొడుతోందా? పాప ముక్కు మూసుకుంటా ఉంది, అందుకని అడుగుతున్నా."

నా చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. "ఎప్పట్నుంచండీ?"

"చలికాలంలో జొరం వచ్చింది చూడు, అప్పట్నుంచీ. నాలిక్కీ తెలియట్లా. ఇన్నాళ్లూ చేతి కొలత మీద నెట్టుకొచ్చా. వాడికి చెప్పబాక."

ముక్క కొరికాను. ఉప్పు సగం కూడా పడలేదు. అలాగే వదిలితే ఆ ఎండకు ఆషాఢం రాకముందే బూజు పట్టేది. చెప్పాను. ఆవిడ పొట్లం విప్పారు. నేను చాలనేదాకా వేశారు, కలిపారు. నూనె పోసి వాసెన కట్టారు. నాకు చాలా బాధ వేసింది, ఆ బాధలోనూ బండి లోపలి కంపు మెట్టు దాకా వస్తూనే ఉంది.

మధ్యాహ్నం మళ్లీ అందరం అదే బండి ఎక్కాం. తలుపు మూయగానే నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఈసారి ఆవిడ పక్కనే కూర్చున్నాను. బండి మలుపు తిరిగింది, వెనకాల తొట్టి కదిలింది. అత్తయ్యగారు నా చెవి దగ్గరకు వంగారు.

"ఈ కంపులో మన ఆవకాయ వాసన ఏమన్నా వస్తోందా అమ్మాయ్?"

కొంగు తీసి గట్టిగా ఊపిరి పీల్చాను.

"వస్తోందండీ" అన్నాను.