సొరకాయ పాట

మా అమ్మకు మతిమరుపు జబ్బేమీ లేదని ఆ సాయంత్రం వరకూ అందరితోనూ పోట్లాడుతూనే ఉన్నాను. ఎక్కువగా మా ఆయనతో. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయిందంటే, వయసు మీద పడ్డాక ఎవరు మరిచిపోరు అన్నాను. లిఫ్టులో పై అంతస్తుకు వెళ్ళి పరాయివాళ్ళ తలుపుకు మా తాళంచెవి పెట్టి తంటాలు పడిందంటే, ఈ అపార్టుమెంట్లో తలుపులన్నీ ఒకేలా తగలడ్డాయి, ఆవిడ తప్పేంటి అన్నాను. నా మొండితనానికి కారణం ఉంది. అదే నిజమైతే అమ్మను ఇంట్లో ఒంటరిగా వదిలి మేమిద్దరం కోకాపేట ఆఫీసులకు పోలేం. ఎవరో ఒకరు ఉద్యోగం మానాలి. ఆ ఒకరు ఎవరో వేరే చెప్పాలా?

"ఒకసారి డాక్టరుకు చూపిద్దాం" అని ఆయన అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

పుప్పాలగూడలోని మా చర్చికి సండేస్కూలు గది కట్టాలని, చందాల కోసం ఆ శనివారం విందు పెట్టారు. ఆవరణలో షామియానా, చికెన్ బిర్యానీ, ఆడవాళ్ళు చేసి తెచ్చిన గారెలు, బూరెలు, కేకులు. ఊరి పాత కుటుంబాలూ, మాలాగా కోస్తా నుంచి వచ్చిపడ్డ సాఫ్ట్‌వేర్ జనమూ ఎప్పుడూ ఎవరి గుంపులో వాళ్ళే కూర్చుంటారు. పాట మొదలైతేనే కలుస్తారు. పాటంటే వేలంపాట. ఇంట్లో కాసిందో, వండిందో తెచ్చి దేవుడికిస్తారు, దాన్ని వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు ఇంటికి పట్టుకుపోకుండా "మళ్ళీ పాటకు పెట్టండి" అని తిరిగిచ్చేస్తే అదో గొప్ప. నాకు ఆ సందడంటే ప్రాణం. ఆ రోజూ కడుపారా నవ్వుతూనే ఉన్నాను, ఒక కన్ను అమ్మ మీద వేసి. అమ్మ బూరె తింటూ హాయిగా కూర్చుంది.

వేలం వేస్తున్నది సంఘపెద్ద, ఆ ఊరాయనే. ఎవరో మేడ మీద కాయించిన సొరకాయను చంటిబిడ్డలా ఎత్తి పట్టుకున్నారు.

"జర జూడుండ్రి, ఎంత లేతగ ఉన్నదో. ఇగ పాట ఎవరు పాడ్తరు?"

అమ్మ లేచి నిలబడింది. పమిట సర్దుకుని, గొంతు సవరించుకుని, ఒకప్పుడు మా ఊరి చర్చిలో క్వయర్ ముందు నిలబడి పాడే కీర్తన ఎత్తుకుంది.

షామియానా మొత్తం నవ్వింది. సంఘపెద్ద మైకు తెచ్చి ఆమె ముందు పెట్టారు. చరణాలన్నీ తప్పుపోకుండా పాడి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"అమ్మ మంచి మజాక్ చేసింది. గిసుంటి పాట మనకెవరికి రాదు" అన్నారాయన.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా అమ్మది మొదటినుంచీ వెటకారం నోరే. మా ఆయన వైపు తిరిగి, "చూశారా? మతి లేనివాళ్ళకు ఇంత చమత్కారం వస్తుందా?" అన్నాను. ఆయన బిర్యానీ ప్లేటు పక్కన పెట్టేశారు. ఓడిపోయారు కాబోలనుకున్నాను.

వేలం సాగింది. మాదాపూర్లో పనిచేసే ఒకతను పట్టుదలగా పెంచుకుంటూ పోయి సొరకాయ గెలిచాడు. చేతికి అందగానే తిరిగి ఇచ్చేశాడు.

"మళ్ళీ పాటకే పెట్టండి, అంకుల్."

"శభాష్. ఇగ మళ్ల పాట ఎవరు పాడ్తరు?"

అమ్మ లేచి నిలబడింది. పమిట సర్దుకుని, గొంతు సవరించుకుని, అదే కీర్తన మొదటినుంచి ఎత్తుకుంది.

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి ఆగిపోయారు. అప్పుడే ఎవరో మొదటిసారి అడిగితే కాస్త సిగ్గుపడుతూ పాడినట్టే పాడుతోంది. చెయ్యి పట్టి లాగాను.

"కూర్చో అమ్మా. ఇందాకే పాడావు కదా."

"నేనెప్పుడు పాడానే? ఆయన పిలిచి అడుగుతుంటే కూర్చోమంటావేంటి?" అంది, చిన్నబుచ్చుకుని.

సంఘపెద్ద సొరకాయ బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చారు. "ఏమైందమ్మా?" అని మెల్లగా అడిగారు. ఆయన మీద, ఆ పాడు సొరకాయ మీద, డాక్టరు, డాక్టరు అని ముందే అన్న మా ఆయన మీద పిచ్చికోపం వచ్చింది నాకు. సరదాకి పాడుతోందని చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"అమ్మకు బాగోలేదండి. మతిమరుపు జబ్బు" అన్నాను. నా నోటితో ఆ మాట అనడం అదే మొదలు. ఏడుపు ఆగలేదు.

అమ్మ ముఖంలో అలక పోయి జాలి వచ్చింది.

"అయ్యో, ఎవరమ్మకే?" అంది.

నా జవాబు కోసం ఆగలేదు. తలమీద ముసుగు వేసుకుని, నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని కళ్ళు మూసుకుంది. షామియానా కింద అందరూ తలలు వంచారు.

"తండ్రీ, ఆ తల్లి ఎవరో నాకు తెలియదు, నీకు తెలుసు. ఆమెను ఇంట్లో ఒంటరిగా వదిలిపోని బిడ్డనివ్వు."